ఎవరి నుంచి

తను ఆయాగా పనిచేసే నర్సరీలో శాంతిప్రియ పిల్లలకు మధ్యాహ్నం అన్నం తినిపిస్తుండగా క్లినిక్ నుంచి ఫోను వచ్చింది. రిపోర్టు వచ్చిందనీ, డాక్టరమ్మ స్వయంగా మాట్లాడాలంటోందనీ, వీలైతే ఈ రోజే రమ్మనీ మలయాళీ నర్సు హిందీలో చెప్పింది. అప్పటికి శాంతిప్రియకు మూడో నెల నిండి నాలుగు రోజులయింది. పెళ్లయిన ఐదేళ్లకు నిలిచిన కడుపు. గిన్నెలో చెంచా అలాగే వదిలేసి, “బచ్చా ఠీక్ హై నా?” అని బిడ్డ గురించి మాత్రం అడగగలిగింది.

“బచ్చా ఠీక్ హై. ఆప్ ఆ జాయియే,” అంది నర్సు.

నర్సరీ చూసుకునే ముదీర్‌కు చెప్పి, ఎండలో రెండు వీధులు నడిచి వెళ్లింది. క్లినిక్ బనియాస్ మార్కెట్ వెనకాలే. డాక్టరమ్మది సూడాన్. పొడుగ్గా, నెమ్మదిగా ఉంటుంది. ఇంగ్లీషులో ఒక్కో మాటా విడివిడిగా చెబుతుంది. దాన్ని నర్సు హిందీలోకి మారుస్తుంది. ఆ రోజు డాక్టరమ్మ చాలా చెప్పింది. మొదటిసారి వచ్చినప్పుడు, ఈ పరీక్ష ఇంతకుముందెప్పుడూ చేయించుకోలేదన్నావు కాబట్టి, గర్భసంచి మూతి దగ్గర నుంచి చిన్న శాంపిల్ తీశాం. అందులో హెచ్.పి.వి. అనే వైరస్ కనబడింది. అక్కడి కణాల్లో కొంచెం మార్పు కూడా ఉంది. ఇది క్యాన్సర్ కాదు. బిడ్డకు భయం లేదు. పెద్ద హాస్పిటల్‌కు రాస్తాను, వాళ్లు భూతద్దం పెట్టి దగ్గరగా చూస్తారు.

ఇందులో శాంతిప్రియ చెవిన పడినవి మూడే: వైరస్, క్యాన్సర్, పెద్ద హాస్పిటల్. ‘కాదు’ అన్న మాట పడలేదు.

“గర్భసంచి తీసేస్తారా?” అని అడిగింది.

నర్సు ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పగానే డాక్టరమ్మ ఆశ్చర్యంగా చూసింది. “నీకు అలా ఎవరు చెప్పారు?”

ఎవరూ చెప్పలేదు. కానీ శాంతిప్రియ తల్లి నాగరత్నమ్మకు ముప్పై రెండేళ్లప్పుడు గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని కోనసీమలో ఊరికి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కు వెళితే, మూతి దగ్గర పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది అన్నారు. ఆ వీధిలోనే నాగరత్నమ్మలా తీయించుకున్న ఆడవాళ్లు తొమ్మిది మంది. ఆ ఆపరేషన్ తర్వాత తల్లి మళ్లీ నడుం నిటారుగా పెట్టి నిలబడగా శాంతిప్రియ చూడలేదు. నలభై దాటకుండానే ముసలిదైపోయింది. వైరస్ పేరు కొత్తదే గానీ, ఆ పుండు శాంతిప్రియకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

బయటికొస్తుంటే నర్సు తలుపు దాకా వచ్చి గొంతు తగ్గించి, “యే మియా బీబీ కే రిష్తే సే ఆతా హై. పతి కో భీ బతానా,” అంది. మొగుడూ పెళ్లాల మధ్య నుంచే వచ్చేది, ఆయనకూ చెప్పు అని. మంచి మనసుతోనే చెప్పింది. ఆ మాట మాత్రం శాంతిప్రియను క్లినిక్ మెట్ల మీదే కూర్చోబెట్టేసింది.

ఆమె భర్త ప్రభుదాస్ ఐకాడ్ ఫ్యాక్టరీల పేటలో ఒక స్టీలు యార్డులో వెల్డింగ్ ఫోర్‌మన్. పెళ్లికి ముందు ఐదేళ్లు షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక్కో గదిలో పదేసి మంది ఉండే చోట బతికాడు. ఆ ఐదేళ్ల గురించి అతను ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు.

శాంతిప్రియకు ఇది రెండో పెళ్లి. పదేళ్ల కిందట, ఇరవయ్యో ఏట, దేవదానానికిచ్చి చేశారు. ఎనిమిది నెలలకే అతను రొయ్యల చెరువు దగ్గర కరెంటు షాక్ కొట్టి పోయాడు. ప్రభుదాస్ ఆ సంగతి తెలిసే చేసుకున్నాడు. పెళ్లిచూపుల్లోనే పెద్దలు, “ఆ పాత సంగతులు ఇంక ఎత్తొద్దు బాబూ,” అన్నారు. అతను ఎత్తలేదు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా. దాన్ని అతని మంచితనంగానే శాంతిప్రియ ఇన్నాళ్లూ అనుకుంది.

మెట్ల మీద కూర్చునే అతనికి ఫోన్ చేసింది. అవతల గ్రైండింగ్ మిషన్ల రొద.

“ఏవండీ, రిపోర్టు వచ్చిందండి. నాకేదో వైరస్ ఉందంట. హెచ్పీవీ అంట. మీకు కూడా చెప్పమన్నారు.”

“ఏంటీ?”

“వైరస్ అండీ. హెచ్… పీ… వీ.”

మిషన్ల రొద ఇంకా పెరిగింది. తర్వాత ప్రభుదాస్, “ఎవరికీ చెప్పకు,” అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి రాలేదు. షట్‌డౌన్ పని పడింది, ఓవర్‌టైం, రాజబాబు గదిలో పడుకుంటాను అని మెసేజ్ పెట్టాడు. రాజబాబు అతని ఊరివాడే, యార్డు పక్కనే క్యాంపులో ఉంటాడు. మర్నాడూ అదే మెసేజ్. ఆ మర్నాడూ అదే.

వాళ్లు ఉండేది ఒక పాత విల్లాలో చెక్కలతో విడదీసిన గది. వంటిల్లూ బాత్రూమూ పక్క గదివాళ్లతో కలిపి. ఆ పక్క గదిలో ఉండే సుభద్రది జగిత్యాల వైపు పల్లె. భర్త టాక్సీ నడుపుతాడు. ఆ నాలుగు రోజులూ శాంతిప్రియ బాత్రూమ్ వాడిన ప్రతిసారీ డెట్టాల్ పోసి గోడల దాకా కడిగింది. తన నుంచి సుభద్రకు ఏమైనా అంటుకుంటుందేమోనని.

“ఎందుకమ్మా గంతగనం కడుగుతున్నవ్, కడుపుతోని ఉండి?” అంది సుభద్ర. “అన్న గూడ కానొస్తలేడు. కొట్లాడిన్రా?”

“లేదక్కా. డ్యూటీ ఎక్కువుంది.”

భర్త అసహ్యించుకున్నాడని ఆమెకు ఖాయమైపోయింది. అతనికి తనే చెప్పేద్దాం, నా తప్పు లేదని చెబుదాం అని ఫోన్ చేతిలోకి తీసుకునేది. తప్పు లేదంటే మరెవరిది అని అతను అడిగితే ఏం చెప్పాలో తెలియక మళ్లీ పెట్టేసేది. అన్నం తిన్నప్పుడల్లా వాంతి అయింది. బిడ్డ వల్లో, దిగులు వల్లో తెలియలేదు.

ఆదివారం పొద్దున పదింటికి ప్రభుదాస్ వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. బూట్లు విప్పకుండానే మంచం చివర కూర్చుని, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఇది నాది. నాకు లేదు.”

శాంతిప్రియ పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. ఆ కాగితం మీద హెచ్.ఐ.వి. అని ఉంది, ఎదురుగా నెగటివ్ అని ఉంది.

“ఇదెందుకు చేయించుకున్నారండీ?”

“నీకొచ్చిందన్నావు కదా.”

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. లేచి బీరువాలోంచి తన రిపోర్టు తెచ్చి అతని కాగితం పక్కన పరిచింది. రెంటిలోనూ మధ్య అక్షరం మీద వేలు పెట్టి చూపించింది. “నాకొచ్చింది ఇది కాదండి. చూడండి. మీది ఐ. నాది పీ.”

ప్రభుదాస్ ఆ కాగితం వైపూ ఈ కాగితం వైపూ చాలాసేపు చూశాడు. తర్వాత రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. నవ్వుతున్నాడనుకుంది. నవ్వు కాదు.

“వీసా రెన్యువల్‌కి మొన్న రంజాన్ ముందే కదా నా రక్తం తీసేరు,” అంది శాంతిప్రియ. “ఆ జబ్బుంటే ఈపాటికి నన్ను ఇంటికి పంపించేసేవోరు కాదా?”

“ఆ మాట తట్టలేదు ప్రియా. యార్డులో సౌండుకి సగం వినపడలేదు. విన్న సగం చాల్లే అనిపించింది. మనిద్దర్నీ పంపించేస్తారు, పుట్టబోయేదాని గతేంటి అని… రాజబాబు గదిలో అలా చూరు చూస్తా పడుకున్నాను.”

ఆమెకు జాలేసింది. లేచి మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు ఇవ్వబోతూ ఆగిపోయింది.

“నాకొచ్చిందంటే నన్నడగాలి కదండీ. మీరు పోయి మీ రక్తం ఎందుకిచ్చుకున్నారు?”

ప్రభుదాస్ తల ఎత్తలేదు.

“ముందు నామీదే అనుమానం వచ్చింది,” అన్నాడు. కొంచెం ఆగి, “నిన్న ఈ రిజల్టు చూసేక నీమీదకొచ్చింది. నిన్న సాయంత్రం నించి ఇందాక వచ్చేదాకా. దాచడం ఎందుకు,” అన్నాడు.

అతన్ని కొట్టాలనిపించింది శాంతిప్రియకు. పక్కన కూర్చోవాలనీ అనిపించింది. చివరికి గ్లాసు చేతికిచ్చి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

“నేను షార్జాలో ఉన్నప్పుడు…” అని మొదలుపెట్టాడు.

“ఇప్పుడొద్దండి. కడుపులో ఒకదాన్ని మోస్తున్నాను. ఇంకోటి కూడా మోయలేను. కాన్పయ్యేక చెప్పండి.”

అతను నీళ్లు తాగి, బూట్లు విప్పుకుని, స్నానానికి వెళ్లాడు.

మరుసటి వారం ఇద్దరూ కలిసి క్లినిక్‌కు వెళ్లారు. ప్రభుదాస్‌కు ఇంగ్లీషు బాగానే వచ్చు. నర్సు సాయం లేకుండా నేరుగా డాక్టరమ్మను అడిగాడు. “ఇది ఎవరి నుంచి వచ్చింది మేడమ్?”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. ఈ ప్రశ్న ఆమెకు కొత్త కాదని ఆ పెట్టిన తీరులోనే తెలిసింది. “పెళ్లి కాపురం చేసే వాళ్లలో ఎక్కువ మందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ వస్తుంది. చాలామందిలో ఒంట్లోని శక్తే దాన్ని తరిమేస్తుంది. వచ్చిన సంగతే తెలియదు. కొందరిలో ఏళ్ల తరబడి నిద్రపోయి, తర్వాత బయటపడుతుంది. ఎవరి నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష ప్రపంచంలో ఎక్కడా లేదు. రెండేళ్ల కిందట కావచ్చు, పదేళ్ల కిందట కావచ్చు.”

“పదేళ్ల కిందట కూడానా?”

“కావచ్చు.”

ప్రభుదాస్ ఊపిరి వదిలాడు. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న అతని భుజాలు కిందికి దిగడం శాంతిప్రియ చూసింది.

“మరి ఈయనకి కూడా చెయ్యరా టెస్టు?” అని ఆమె నర్సును అడిగింది. మగవాళ్లకు ఇలా చేసే మామూలు పరీక్ష లేదని డాక్టరమ్మ చెప్పింది. పరీక్ష లేదంటే వాళ్ల దగ్గర ఏమీ లేనట్టేనా అని అడగాలనిపించింది గానీ, అంత హిందీ ఆమెకు రాదు.

తన పాత కారులో కూర్చున్నాక ప్రభుదాస్ కొత్తగా ఊపిరి పోసుకున్నవాడిలా ఉన్నాడు. ఏసీ పెట్టాడు, ఆమె వైపు గాలి తిప్పాడు. రోడ్డెక్కాక, “పదేళ్లంటే… అప్పటిదే అయ్యుంటది. మొదట్లో…” అన్నాడు. మాట పూర్తి చేయలేదు.

“కారాపండి.”

“ఏమైంది? వాంతొస్తందా?”

“ఆపండి.”

ఒక టైర్ల షాపు ముందు ఆపాడు. శాంతిప్రియ అతని వైపు తిరిగింది. ఆమె గొంతు పెంచలేదు. “చచ్చిపోయినాయన మీదకి తోసేస్తే మీకు తేలిగ్గా ఉంటది కదండీ.”

“అది కాదు ప్రియా, డాక్టరే అన్నాది…”

“డాక్టరు రెండేళ్లని కూడా అన్నాది. మీకు పదే వినపడింది. ఆయనకి నోరు లేదు, నాది కాదని చెప్పుకోలేడు. మీకు నోరుంది. చెప్పుకుంటానంటే వద్దన్నాను, అది నా తప్పు. అంతేగానీ ఆయన్ని ఇందులోకి లాగకండి.”

ప్రభుదాస్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. షాపులో పనివాడు ఒకడు గాలి కొట్టించుకోవడానికి వచ్చారేమోనని దగ్గరకొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి వెనక్కి వెళ్లిపోయాడు.

“సరే,” అన్నాడు ప్రభుదాస్. “ఇంక అనను.”

అన్నట్టే ఉన్నాడు. ఆ తర్వాతి నెలల్లో వాళ్ల మధ్య కోపమేమీ లేదు. అతను సరుకులు తెచ్చేవాడు, ఆమె కాళ్లు వాస్తే ఉప్పునీళ్లు పెట్టేవాడు, ఆదివారాలు తనే వండేవాడు. కానీ ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు కొన్ని మాటలను చుట్టి వెళ్లేవాళ్లు. షార్జా అన్న మాట వస్తే టీవీ సౌండ్ పెంచేవాడు. రొయ్యలు కొనడం మానేశాడు.

ఐదో నెలలో పెద్ద హాస్పిటల్‌లో చూపించుకుంది. కాళ్లు ఎత్తి పడుకోబెట్టి, ఏదో పుల్లటి వాసన వచ్చే నీళ్లు రాసి, పెద్ద భూతద్దంలాంటి యంత్రంతో చూశారు. పక్కన తెర మీద అంతా కనబడింది. అక్కడి డాక్టరు తెలుపు తిరిగిన చిన్న మచ్చను చూపించింది. బియ్యపు గింజంత ఉంది. అంత భయపెట్టింది అంత చిన్నదిగా ఉంటుందని శాంతిప్రియ అనుకోలేదు. ఇప్పుడు దీన్ని ముట్టుకోం, కాన్పయిన మూడు నెలలకు మళ్లీ చూద్దాం, చాలాసార్లు అప్పటికి తగ్గిపోతుంది కూడా అంది డాక్టరు. కాన్పు మామూలుగానే కావచ్చునంది. బిడ్డకు అంటుకోకుండా ఆపరేషన్ చేసేయమని శాంతిప్రియ అడిగితే, అలా అంటుకోవడం చాలా చాలా అరుదు, దీని కోసం కోయాల్సిన పని లేదంది.

ఆ మధ్యాహ్నం తల్లికి వీడియో కాల్ చేసింది. అప్పటిదాకా ఈ సంగతి తల్లికి చెప్పలేదు. ఇప్పుడు మొత్తం చెప్పింది.

నాగరత్నమ్మ మొహం ఫోనులో దగ్గరగా వచ్చింది. “తీసేస్తారంటనా?”

“లేదమ్మా. చూసి వదిలేసేరు.”

“వదిలేసేరా?”

“కాన్పయిన మూణ్ణెల్లకి మళ్లీ చూస్తారంట. దానంతటదే పోవచ్చంట. పోకపోతే ఆ మచ్చ వరకే తీస్తారంట. సంచి జోలికి పోరంట.”

నాగరత్నమ్మ వెనకాల ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

“చూసి వదిలేయొచ్చా మరైతే,” అంది చివరికి. అది ప్రశ్నలా లేదు. “నాకైతే అద్దాలూ లేవు, ఏవీ లేవే అమ్మా. బల్ల మీద పడుకోమన్నాడు. ఒక్క నిమిషం చూసేడు. ముప్పయ్ దాటేయి, ఇద్దరు పిల్లలున్నారు, ఇంకెందుకమ్మా నీకది అన్నాడు. నిజమే కదా, ఇంకెందుకూ అనుకున్నాను నేను కూడా.”

“అమ్మా…”

“నువ్వు ఏడవకు. పొట్టలో పిల్లకి తెలుస్తాది. పొయ్యి మీద పాలెట్టేను, పొంగిపోతాయి,” అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ వారం దాకా చేయలేదు. ఆ వారమంతా శాంతిప్రియ తన గురించి కాక తల్లి గురించే ఆలోచించింది. తన భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. తల్లికి జరిగింది జబ్బు వల్ల కాదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

ఏడో నెలలో సుభద్రకు కూడా చెప్పాల్సి వచ్చింది. వంటింట్లో సుభద్ర సూటిగానే అడిగింది. “గా పెద్ద దవాఖానకు ఎందుకు తిరుగుతున్నరు? పిల్లకేమన్న అయ్యిందా?” శాంతిప్రియకు అబద్ధాలు చెప్పి చెప్పి విసుగొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. సుభద్ర వింటూ పచ్చిమిరపకాయలు కోయడం ఆపలేదు. మర్నాడు చూస్తే బాత్రూమ్‌లో ఆమె బకెట్టూ మగ్గూ లేవు. గదిలో పెట్టుకుంది.

బకెట్లతో అంటుకునేది కాదని శాంతిప్రియకు అప్పటికి తెలుసు. అయినా తప్పు పట్టలేదు. తను కూడా మొదట్లో డెట్టాల్ పోసి కడిగిందే కదా. పది రోజుల తర్వాత సుభద్రే వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి, “గా టెస్టు ఏడ చేస్తరు? మా చెల్లె గిట్లనే పోయింది. మూతి కాడ క్యాన్సరే అన్నరు. నాకు శానా రోజులసంది భయమైతుంది,” అంది. శాంతిప్రియ క్లినిక్ పేరు చెప్పింది. తనే వెంట తీసుకెళ్లింది. సుభద్రకు ఏమీ లేదని తేలింది.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. మామూలు కాన్పే. పిల్ల ఏడుపు వినగానే శాంతిప్రియ నర్సును, “గొంతు బాగుందా?” అని అడిగింది. ఎప్పుడో ఎవరో చెప్పిన అరుదైన సంగతి అది, ఈ వైరస్ వల్ల బిడ్డ గొంతుకు ఏమైనా కావచ్చునని. నర్సు నవ్వి, “ఈ హాస్పిటల్ మొత్తానికి వినబడుతోంది,” అంది.

మూడు నెలల తర్వాత మళ్లీ అద్దం పెట్టి చూశారు. ఈసారి చిన్న ముక్క కూడా తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు ఫలితం చెప్పడానికి పిలిచారు. ప్రభుదాస్ సెలవు పెట్టి, పిల్లను ఎత్తుకుని తనూ లోపలికి వచ్చాడు. మార్పు తగ్గింది, కొంచెమే మిగిలింది, ఇప్పుడు చికిత్స అక్కర్లేదు అంది డాక్టరు. వైరస్ మాత్రం ఇంకా ఉంది. ఏడాదికి మళ్లీ రావాలి. ఆ పై ఏడాది కూడా రావాల్సి ఉండొచ్చు.

“ఖలాస్ అని ఎప్పుడంటారు?” అని అడిగాడు ప్రభుదాస్.

డాక్టరు నవ్వింది. “అది మీ ఆవిడ శరీరం చెబుతుంది. నేను చూస్తూ ఉంటాను, అంతే.”

తిరిగి వస్తున్నప్పుడు పిల్ల వెనక సీటులో నిద్రపోయింది. శాంతిప్రియ ముందు సీటులో కూర్చుంది. ఎండ అద్దంలోంచి మోకాళ్ల మీద పడుతోంది. ఇన్నాళ్లూ ఎప్పుడెప్పుడా అని ఎదురుచూసిన మాట డాక్టరు చెప్పలేదు, భయపడిన మాటా చెప్పలేదు. ఇక మీదట ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. అలా అనుకున్నాక ఎందుకో కొంత ధైర్యంగా ఉంది.

“ఇప్పుడు చెప్పండి,” అంది.

ఏం చెప్పాలని అతను అడగలేదు. కొంతదూరం పోయాక చెప్పాడు.

“రెండుసార్లు. ఇండస్ట్రియల్ ఏరియా వెనకాల ఒక గది. మొదటిసారి గదిలోవాళ్లు తీసుకెళ్లేరు. రెండోసారి నేనే వెళ్లేను. ఆవిడది ఏ దేశమో కూడా తెల్దు నాకు. పెళ్లికి మూడేళ్ల ముందు. పెళ్లయ్యేక లేదు. ప్రమాణం చెయ్యమంటే చేస్తాను.”

“ప్రమాణం వద్దు.”

“తిట్టవా?”

“నాలుగు రోజులు మీరు రాలేదు కదా, అప్పుడే తిట్టుకున్నాను. ఇలాంటిదేదో ఉంటదని అప్పుడే అనుకున్నాను.” కిటికీలోంచి బయటికి చూస్తూ, “రెండోసారి నేనే వెళ్లేనన్నారు చూడండి. అది చెప్పకుండా ఉంటే నాకు తెలిసేది కాదు,” అంది.

అతను అద్దంలో వెనక సీటులోని పిల్లను చూసుకున్నాడు.

“నేను కూడా ఒకటి చెప్పాలండి.”

“నీ తప్పేం లేదు ప్రియా. నువ్వేం చెప్పక్కర్లేదు.”

“తప్పు కాదు. తప్పయితే ఎప్పుడో చెప్పేసేదాన్ని.” ఆమె చీర కొంగు సర్దుకుంది. “దేవదానం మంచోడండి. బాగా చూసుకున్నాడు నన్ను. ఎనిమిది నెలలే గానీ, నేను కూడా ఇష్టపడ్డాను. ఆయన పోయేక ఏడవనీకుండా రెండో సంబంధాలు చూడ్డం మొదలెట్టేరు. మర్చిపో మర్చిపో అన్నారు అందరూ. మీరు అడగలేదు. మర్చిపోయినట్టే ఉన్నాను. కానీ మర్చిపోలేదు.”

షార్జా మాట ఆమెకు బరువనిపించలేదు. ఈ మాట అతనికి బరువుగా తగిలిందని ఆమెకు కనబడింది. అతని దవడ బిగిసింది. వేలితో స్టీరింగ్ మీద అదే పనిగా తట్టాడు. చనిపోయినవాడి వల్ల జబ్బు వచ్చిందనుకుంటే అతనికి తేలిగ్గా ఉండేది. చనిపోయినవాడు మంచివాడంటే, ఆమె ఇష్టపడిందంటే, అతను చేయగలిగింది ఏమీ లేదు. దానికి చికిత్స కూడా లేదు.

ముసఫ్ఫా వైపు వెళ్లే లారీలు వరసగా పక్క నుంచి పోతున్నాయి. బనియాస్‌కు తిరగాల్సిన దారి దాటిపోయింది. శాంతిప్రియ చూసింది గానీ చెప్పలేదు. ప్రభుదాస్ కూడా తర్వాత గమనించాడు. “ముందు యూటర్న్ ఉంది,” అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు.

కొంతసేపటికి, “ఎలాంటోడు?” అని అడిగాడు.

“ఎవరు?”

“ఆయనే. దేవదానం.” ఆ పేరు అతని నోట రావడం అదే మొదటిసారి. “చెప్పు. వింటాను.”

నిజంగానే వినాలనుకుంటున్నాడో, అడగాలి కాబట్టి అడిగాడో ఆమెకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు. వెనక్కి తిరిగి పిల్ల మొహం మీద ఎండ పడకుండా గుడ్డ సర్దింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. రొయ్యలకు మేత వేసేటప్పుడు అతను తనను కూడా తెప్ప ఎక్కించుకునేవాడనీ, నీళ్లంటే తనకు భయమని తెలిసి నవ్వేవాడనీ, ఒకసారి ఇద్దరూ బురదలో పడ్డారనీ చెప్పింది. చెబుతూ చెబుతూ ఆ బురద గుర్తొచ్చి నవ్వింది.

ప్రభుదాస్ నవ్వలేదు. కానీ యూటర్న్ దగ్గరికి వచ్చినప్పుడు వేగం తగ్గించి, “తర్వాత?” అన్నాడు.